చరణానికీ చరణానికీ మధ్య నేను వాయించినవి

మా చర్చిలో నా గిటారు శబ్దం జనానికి వినపడకుండా ఆపేశారు. ఆపేసినట్టు నాకు చెప్పలేదు. ప్రతి ఆదివారం నేను వేదిక మీద కూర్చుని వాయిస్తూనే వచ్చాను, అది ఎవరి చెవికీ చేరలేదు. ఎన్నాళ్ళుగా ఇలా జరుగుతోందో కూడా నాకు తెలియలేదు.

ఈ సంగతి బయటపెట్టింది చందాపురలో ఉండే నా చెల్లెలు రత్నమ్మ. నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. మోకాళ్ళు అరిగిపోయి మెట్లెక్కలేదు గనుక, బెంగళూరు బొమ్మనహళ్ళిలో రెండో అంతస్తులో ఉన్న మా చర్చికి రాలేక ఆరాధనను ఫోనులో చూస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేసి, "అన్నా, నీ చెయ్యి ఆడతా ఉండాది, సద్దు మాత్రం రాలే. నా ఫోనేమన్నా చెడిపోయిండాదా?" అంది. కీబోర్డు వినపడుతోందా అని అడిగాను. వినపడుతోందంది. మరి డ్రమ్ములు? "అవి చెవులు చిల్లులు పడేట్టు ఇనపడతా ఉండాయి. నీదే లేదు. మూగోని మాదిరి వాయిస్తా ఉండావు."

ఆ పూటే చర్చి ఛానెల్లో ఉన్న వీడియోలన్నీ తీసి, ఒకదాని తర్వాత ఒకటి చూశాను, ఫోను చెవికి ఆనించుకుని మళ్ళీ విన్నాను. పదకొండు వారాలవి ఉన్నాయి. పదకొండింటిలోనూ ఒక ముసలివాడు కళ్ళు మూసుకుని తల ఊపుతూ తీగల మీద వేళ్ళు పరిగెత్తిస్తున్నాడు. పాట వాడితో సంబంధం లేకుండా సాగిపోతోంది. అంతకు ముందువి తీసేసినట్టున్నారు.

నాకు అనుమానం రాకపోవడానికి కారణం ఉంది. పోయిన ఏడాది కొత్త కుర్రాళ్ళ బృందం వచ్చి, స్పీకర్లూ మిక్సరూ మార్చినప్పుడు, వాయించేవాళ్ళందరికీ చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు ఇచ్చారు. అందులో నా గిటారు నాకు నిక్షేపంగా వినపడేది. నాకు వినపడేదే అందరికీ వినపడుతోందనుకున్నాను. ఆ ఇయర్‌ఫోను ఇప్పుడు నా బల్ల మీద ఉంది. కిటికీలోంచి ఎండ తగిలి దాని చివరనున్న రబ్బరు ముక్క కాస్త వేడెక్కితే చాలు, సైకిలు ట్యూబు వాసన వస్తుంది. ఆ వాసన నన్ను అరవై ఏళ్ళ వెనక్కి, బెంగళూరుకు ఉత్తరాన దేవనహళ్ళిలోని పెంకుల చర్చిలోకి, ట్యూబు ముక్కలతో అతుకులు వేసిన ఒక హార్మోనియం పక్కకి ఈడ్చుకుపోతుంది.

మా నాన్న అక్కడ కోట లోపలి బడిలో ఉపాధ్యాయుడు. తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి, మదనపల్లె వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఇరవై ముప్పై తెలుగు కుటుంబాలు ఉండేవి. అంగట్లో కన్నడం, ఇంట్లో తెలుగు, ప్రార్థనలో గ్రాంథికం మాట్లాడుకుంటూ బతికేవి. డిసెంబరు మొదలైందంటే కోట గోడల మీది మంచు పది గంటల దాకా విడిచేది కాదు. ఆ మంచులోనే సంతకు అనపకాయల బస్తాలు దిగేవి, కాయల మీది జిడ్డు వాసన వీధి వీధికీ పాకేది. అమ్మలూ అవ్వలూ అరుగుల మీద చేరి కాయలు ఒలిచి, గింజలు నానబెట్టి, మర్నాడు పిల్లలందరినీ గిన్నె చుట్టూ కూర్చోబెట్టి పితికించేవాళ్ళు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజ చిటుక్కున జారి పప్పు గిన్నెలో పడేది, తొక్క చేతిలో మిగిలేది. పితికిపప్పు పులుసులో వేడి రాగి సంగటి ముంచుకు తిన్న చేతులు రెండు రోజుల దాకా ఆ వాసనే వేసేవి. తోటల్లో చక్కోతలు, అంటే పంపరపనస కాయలు, పిల్లల తలలంత లావున వేలాడేవి. పండగ ముందు ఆదివారం వాటిని బుట్టలకొద్దీ తెచ్చి చర్చి మెట్ల మీద పేర్చేవారు. లోపల ప్రసంగం జరుగుతుంటే బయటి నుంచి ఆ పుల్లటి వాసన తేలి వచ్చి మా నోళ్ళు ఊరించేది.

ఆ చర్చిలో పాట ఎత్తేవాడు దేవసహాయం తాత. మాకు చుట్టం కాడు, అయినా ఊళ్ళో పిల్లలందరికీ తాతే. ఆసుపత్రిలో కాంపౌండరు, వేళ్ళకి ఎప్పుడూ టింక్చరు మరక, ముక్కుకి నశ్యం మరక. కీర్తన ఏ శ్రుతిలో మొదలుపెట్టాలో ఆయన ఎవరినీ అడిగేవాడు కాడు, ఆ పూట గొంతు ఎక్కడ లేస్తే అదే శ్రుతి. జలుబు చేసిన వారం పాట రెండు మెట్లు కిందికి దిగేది, ఎండాకాలం మూడు మెట్లు పైకి ఎక్కేది. ఎడమ చేత్తో తిత్తి ఊదుతూ కుడి చేత్తో హార్మోనియం మీద ఆ శ్రుతిని వెతుక్కునేవాడు, మొదటి వాక్యం అయ్యేలోగా పట్టుకునేవాడు. చరణానికీ చరణానికీ మధ్య ముసలివాళ్ళు ఊపిరి పీల్చుకోవడానికి కొంచెం సందు ఉండేది. ఆ సందులో ఆయన చిన్న పలుకు ఒకటి వాయించేవాడు. దానికి మావాళ్ళు పెట్టుకున్న పేరు బిట్టు. ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. పోయిన వారం వాయించింది ఈ వారం వాయించకూడదు. అప్పటికప్పుడు పుట్టాలి.

ఒక వానాకాలం ఎలుకలు ఆ హార్మోనియం తిత్తిని పూర్తిగా కొరికేశాయి. అతుకు వేయడానికి చోటు మిగల్లేదు. అదే రోజుల్లో బెంగళూరు కంటోన్మెంటు వదిలి వెళ్ళిపోతున్న ఒక కుటుంబం, లారీలో పట్టని సామాన్లతో పాటు ఒక గిటారును మా చర్చికి ఇచ్చి వెళ్ళింది. దేవనహళ్ళిలో అప్పటిదాకా ఎవరూ గిటారును ముట్టుకోలేదు. సంఘ పెద్దలు దాన్ని బల్ల మీద పడుకోబెట్టి చుట్టూ నిలబడి చాలాసేపు చూశారు. దేవసహాయం తాత ఒక్కొక్క తీగా మీటి, చెవి పెట్టి, చివరికి తీర్పు చెప్పాడు: "ఏమీ లేదప్పా. ఇది దొరల తంబూర."

తంబూరకి ఎలా శ్రుతి చేస్తారో ఆయనకి తెలుసు. అలాగే చేసేశాడు. లావు తీగకి స, పక్కదానికి ప, తర్వాతి రెంటికీ స, ఆపైన ప, సన్నదానికి మళ్ళీ స. తీగలన్నీ వదులైపోయాయి, మూడోదైతే మీటితే గిలగిల కొట్టుకునేది. తిత్తి ఊదే పని లేదు కాబట్టి దాన్ని పిల్లవాడి చేతికి ఇవ్వొచ్చన్నారు. నాకు పదకొండేళ్ళు. అలా నాలుగేళ్ళ పాటు, గిటారంటే ఇదేననుకుని, ప్రపంచంలో మరెవరూ వాయించని శ్రుతిలో నేను దాన్ని వాయించాను.

నేర్పడమంటే ఆయన నన్ను కూర్చోబెట్టి నేర్పలేదు. కోట బురుజు మెట్ల మీద నేర్పాడు. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, కింది మెట్టు స అని, ఆపై మెట్టు రి అని పేర్లు పెట్టి మమ్మల్ని ఎక్కించేవాడు. మూడు ఎక్కి, రెండు దిగి, మళ్ళీ మూడు ఎక్కాలి: సరిగ, రిగమ, గమప. ఎక్కే స్వరం నోటితో పాడుతూ ఎక్కాలి. మోహన రాగమైతే మ మెట్టూ ని మెట్టూ తొక్కకూడదు, దూకాలి. తప్పు తొక్కినవాడు తన చేతిలోని చక్కోత తొన పక్కవాడికి ఇచ్చెయ్యాలి. రత్నమ్మకి అప్పుడు ఎనిమిదేళ్ళు. పరికిణీ ఎగజెక్కుకుని మేకపిల్లలా దూకేది, ఎప్పుడూ తప్పేది కాదు. "మ తొక్కినావన్నా, తొన తే" అని చేయి చాపేది. ఆ చలికాలమంతా నా తొనలు అదే తినింది. కానీ ఆ మెట్లు నా కాళ్ళలోంచి వేళ్ళలోకి ఎక్కాయి. ఈనాటి కుర్రాళ్ళు పెంటటోనిక్ స్కేలు అని ఫోనులో చూసి నేర్చుకునే ఐదు స్వరాల వరస, మేజరైతే ఆ మోహనమే, మైనరైతే శుద్ధ ధన్యాసే. నేను దాన్ని రాతి మీద నడిచి నేర్చుకున్నాను. ఈ మాట చెబితే ఎవరికీ పట్టదు.

బిట్టుకి ఆయన చెప్పిన సూత్రాలు రెండే. "పాట యాడ ఆగిందో ఆన్నే మొదలుపెట్టు. ముసిలోళ్ళు ఊపిరి పీల్చేలోగా ఇంటికి రా." పాట చివరి మాట ఏ స్వరం మీద వాలిందో దాన్ని అందుకోవాలి, ఆ పాట నడిచిన మెట్ల మీదే రెండడుగులు తిరగాలి, చరణం ఎత్తుకునే స్వరం గుమ్మంలో నిలబడాలి. నేను ఉత్సాహపడి తీగంతా పైకీ కిందికీ గోకి ఆలస్యంగా వస్తే, ఆరాధన అయ్యాక చెవి పట్టుకుని, "ఊరంతా తిరిగొచ్చినావే, ఈడ అన్నం చల్లారిపోయె గదరా" అనేవాడు. మెచ్చుకోవడం ఆయనకి చేతకాదు. బిట్టు బాగా కుదిరిన రోజున మాత్రం, తర్వాతి చరణం వెంటనే ఎత్తుకోకుండా, నా చివరి స్వరం మోగి ఆరిపోయేదాకా ఒక్క క్షణం ఆగేవాడు. ఆ క్షణం కోసం నేను వారమంతా గోకి గోకి వేళ్ళు కాయలు కట్టించుకునేవాడిని.

ఆ చర్చిలో వినని మనిషి లేడు, అది గుర్తొస్తేనే నాకిప్పుడు కడుపు మండుతుంది. వెనక చాప మీద కూర్చునే అవ్వలు "ఈ పొద్దు పిల్లోడు బాగా గోకినాడే" అనుకునేవాళ్ళు. తప్పు పోయిందంటే అది బుధవారం దాకా బతికి ఉండేది. పాలు పోసే ఆయన చర్చి గడప తొక్కినవాడు కాడు, ఆయన కూడా చెంబులో పాలు వంచుతూ, "మూడో చరణం కాడ జారిపడినావంట కదప్పా" అని నవ్వేవాడు. నేను సిగ్గుతో చచ్చిపోయేవాడిని. ఆ సిగ్గు ఎంత పెద్ద భాగ్యమో తెలియడానికి ఈ వయసు రావలసి వచ్చింది.

నాకు పదిహేనేళ్ళప్పుడు నాన్న పోయాడు. చదువు అక్కడితో ఆగింది. ఆ తర్వాత నేను చదివినదంతా అంగడి పొట్లాల కాగితాలూ, పాత పుస్తకాల కొట్టుల్లో నిలబడి తిరగేసినవీ. మేనమామ నన్ను బెంగళూరు తీసుకొచ్చి బట్టలు కుట్టే షాపులో పెట్టాడు. గిటారు కూడా నాతోనే వచ్చింది, హార్మోనియం కొత్తది కొన్నారు గనుక. ఇక్కడి పెద్ద చర్చిలో యువకుల బృందం ఉండేది. మొదటి ఆదివారమే, సంచిలోంచి గిటారు తీసి, ఆరు తీగలూ ఒక్కసారి మీటాను. అందరూ తిరిగి చూశారు. వాళ్ళ గిటారిస్టు నా దగ్గరికి వచ్చి ఒక తీగను వేలితో ఎత్తి వదిలి, "ఏం గురూ, గుడ్డలారేసే తీగలా ఇవి? ఎవరు నేర్పించినారు నీకు?" అన్నాడు. నవ్వు చర్చి అంతా తిరిగింది. దేవసహాయం తాత పేరు నేను చెప్పలేదు. నాకు ఎవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను అన్నాను. ఆ అబద్ధానికి ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

అక్కడి నుంచి రెండేళ్ళు అతని వెనక బెంచీలో కూర్చుని అతని ఎడమ చేయి చూసి అంతా మళ్ళీ నేర్చుకున్నాను. ఇంటికి పోయి తీగలు బిగించి అవే ఆకారాలు పట్టేవాడిని; మూడు నాలుగు స్వరాలు కలిసి మోగే ఆ పట్లనే కార్డులంటారు. బట్ట కత్తిరించేటప్పుడు కూడా ఎడమ చేయి కత్తెర కింద కార్డు పట్టుకునే ఉండేది. కార్డుల నడక నాకు ఎవరూ విప్పి చెప్పలేదు, నాకే తెలిసింది. పాట మొదలై ముగిసే ఇంటి కార్డు మీద స వాయిస్తే అది చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టుండేది. కింద కార్డు నాలుగోదానికి మారితే, అదే స, లేచి నిలబడి బయటికి చూస్తున్నట్టుండేది. ఐదో కార్డు మీద ఆ స నే పట్టుకుని ఉంటే, కాలే రాయి మీద కాలు పెట్టినట్టు, ఎటో ఒకవైపు దిగిపోతే తప్ప నిలవలేకపోయేది. స్వరం మారలేదు, కింది నేల మారింది. పదిహేడేళ్ళ కుర్రవాడిని, కుట్టు మిషన్ల మధ్య ఈ సంగతి కనిపెట్టి, చెప్పుకోవడానికి మనిషి లేక గోడకి చెప్పుకున్నాను. బిట్టంటే మెట్ల మీద పరుగు ఒక్కటే కాదని, కింద నేల ఎప్పుడు మారుతుందో ముందే ఎరిగి, ఆ నేల మీద నిలిచే స్వరానికి సరిగ్గా చేరుకోవడమని అప్పుడు అర్థమైంది.

అయినా ఆ నాలుగేళ్ళ తంబూర నా వేళ్ళలోంచి పూర్తిగా పోయిందని నేను ప్రమాణం చేయలేను. ఇప్పటికీ లావు తీగను అవసరం లేనిచోట మోగనిస్తాను. స్వరం మీదికి నేరుగా దిగను, కిందినుంచి జార్చుకుంటూ వస్తాను. కొందరికి ఇది నచ్చేది, కొందరు ముఖం చిట్లించేవారు. ఆ పెద్ద చర్చిలోనూ, తర్వాత బొమ్మనహళ్ళిలోనూ తెలుగు ఆరాధనలో యాభై ఏళ్ళు వాయించాను, రెండూ చూశాను. నవ్విన ఆ గిటారిస్టు మాట మాత్రం ఏనాడూ వదల్లేదు. ప్రతి ఆదివారం ఇంటికి పోతూ, ఇవాళ గుడ్డల తీగ వినపడిందా అని నన్ను నేను అడుక్కునేవాడిని.

కొత్త బృందానికి నాయకుడు జోయెల్ అనే కుర్రాడు, గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చాడు, సాఫ్ట్‌వేరు. చెడ్డవాడు కాడు. ఆరాధన అయ్యాక బొటనవేలు పైకెత్తి "సూపర్ అంకుల్" అనేవాడు. శనివారం రిహార్సలు ఎవరిదో ఫ్లాటులో పెట్టుకునేవారు. నేనూ వస్తానంటే, "మీకెందుకు అంకుల్ ఆ ట్రాఫిక్‌లో, సాంగ్స్ అన్నీ మీకు తెలుసుగా, డైరెక్ట్‌గా సండే వచ్చేయండి" అన్నాడు. గౌరవమనుకున్నాను. వాళ్ళతో సరితూగాలని డెబ్బై ఒకటో ఏట నేను మళ్ళీ బడిలో చేరిన పిల్లవాడినయ్యాను. నా ఎడమ ఉంగరం వేలు పొద్దున మడత పడదు. వేడినీళ్ళలో నానబెట్టి, కొబ్బరినూనె రాసి, ఒక్కొక్క కణుపూ వంచుకుని, అప్పుడు స్కేళ్ళు మొదలుపెట్టేవాడిని. ఒక్కో స్కేలు ఐదు చోట్ల పట్టి, మూడేసి స్వరాలు ఎక్కి రెండు దిగి, గడియారం టిక్కు మీద, తర్వాత టిక్కుకి టిక్కుకి మధ్య. ఆదివారం పాట కార్డులు కాగితం మీద రాసుకుని, ఒక్కో కార్డుకి నిలిచే స్వరం కింద గీత గీసుకుని, వాటి మధ్య దారులు పదిరకాలుగా నడిచి, అన్నీ మర్చిపోయి, అప్పుడు చర్చికి పోయేవాడిని. ఆ వేలు ఇంకో ఏడాదికి తీగను నొక్కదని నాకు తెలుసు. ఉన్న ఏడాదిలోనే బాగుపడాలి.

అలాంటివాడికి, ఆ పదకొండు వీడియోలు చూశాక, ఎలా ఉంటుందో చదివేవాళ్ళే ఊహించుకోండి. మొదట కోపం వచ్చింది. రెండు రోజులకి కోపం కంటే చెడ్డ ఆలోచన వచ్చింది. వీళ్ళు విన్నారు, కొన్ని వారాలు ఓపిక పట్టారు, పనికిరాదని తేల్చి నోరు నొక్కారు. అయితే ఏది పనికిరాలేదు? లావు తీగా? జారుడా? మైనరు పాటలో పై 'ని' దగ్గర నేను కావాలనే వదిలే ఆ సగం స్వరమా? తాళానికి వెనకబడ్డానా? అన్నం తింటూ అదే, బస్సులో అదే. గిటారు పట్టుకుంటే ఏ స్వరం మీద వేలు పెట్టినా ఇదేనేమో అనిపించి చేయి వెనక్కి వచ్చేది.

జోయెల్‌ని అడిగితే "టెక్నికల్ ఇష్యూ అయ్యుంటుంది అంకుల్, చూస్తాను" అన్నాడు. మరుసటి వారం వీడియోలోనూ నేను మూగవాడినే. సంఘ పెద్దలకి ఉత్తరం రాసి చేతికిచ్చాను. ఒకాయన మడిచి జేబులో పెట్టుకుని, "పెద్దోరు మీరు, ఇంత చిన్న దానికి మనసు కష్టపెట్టుకుంటే ఎట్లప్పా" అన్నాడు. రెండో ఉత్తరం ఇచ్చాను, అదీ జేబులోకే పోయింది. ఆ ఆదివారం నుంచి వేదిక ఎక్కడం మానేశాను. రత్నమ్మకి చెబితే, "ఊరుకో అన్నా. చర్చి మారిపో. లేదంటే ఈడికొచ్చి నాకు వాయించు, నేను ఇంటా" అంది. అది దాని ప్రేమ. కానీ నాకు కావలసింది ప్రేమ కాదు.

మొన్న ఒకసారి దేవనహళ్ళి వెళ్ళి వచ్చాను, ఎందుకు వెళ్ళానో చెప్పలేను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మా పెంకుల చర్చి పోయింది. ఆ చోట కార్లు కడిగే షెడ్డు ఉంది. చక్కోత తోటల్లో ఒకటో రెండో మిగిలాయట, మిగతావి ప్లాట్లు. తల మీద నిమిషానికో విమానం. కోట మెట్లు ఉన్నాయి. కింది మెట్టు మీద నిలబడి పాడదామని నోరు తెరిచాను, ఫోటోలు తీసుకుంటున్న జంట ఒకటి అడ్డు తప్పుకోమని చేయి ఊపింది, తప్పుకున్నాను. పాట ఎత్తేవాళ్ళు ఇప్పుడు ఎక్కడా లేరు. శ్రుతి కంప్యూటరు ఇస్తుంది. ముసలివాళ్ళు ఊపిరి పీల్చుకోవడానికి ఎవరూ ఆగరు.

తిరిగి వచ్చి జోయెల్ ఫోనుకే మూడో ఉత్తరం పంపాను. "బాబూ, మీరు చేసింది అన్యాయం. దానికి క్షమాపణ నాకు అక్కర్లేదు. మళ్ళీ వాయించనిమ్మని కూడా అడగను. ఒక్కటి చెప్పు. నా వాయింపులో మీకు తప్పనిపించింది ఏది? ఏ పాటలో, ఎక్కడ? శ్రుతా, తాళమా, స్వరమా? నా చేతికి ఇంకో ఏడాది ఉంది. తెలిస్తే దిద్దుకుంటాను. తెలియకుండా చచ్చిపోలేను." పందొమ్మిది రోజులు జవాబు లేదు. నిన్న పొద్దున, వేలు వేడినీళ్ళలో ఉండగా, వచ్చింది.

"అంకుల్, లేట్ రిప్లైకి సారీ. మీ లెటర్స్ మూడూ చదివాను, పెద్దలకి ఇచ్చినవి కూడా. తప్పు ఎక్కడుందో చెప్పమన్నారు. అది చెప్పాలంటే నేను వినుండాలి కదా అంకుల్. కొత్త మిక్సర్ సెట్ చేసిన ఫస్ట్ సండేనే మీ ఛానెల్ మ్యూట్‌లో పెట్టాం, ఏజ్ అయ్యింది కదా, కంప్యూటర్ ట్రాక్‌తో సింక్ అవ్వదేమో అని. తర్వాత తీయడం ఎవరికీ గుర్తు లేదు. మీరు వాయించింది మాలో ఎవ్వరం ఒక్కసారి కూడా వినలేదు."